ఆరంగుళాల గట్టు



రోడ్డు మీంచి ఫుట్‌పాత్ ఎక్కే చోట గట్టు ఎత్తు ఎంత ఉంటుంది? కొలిచి కట్టిన చోట ఆరంగుళాలు. కొలవకుండా కట్టిన చోట అడుగు దాకా. నడిచేవారికి ఆ గట్టు ఎక్కిన సంగతే గుర్తుండదు. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో ఫోను, పక్కవారితో మాట. కాలు దానంతటదే లేస్తుంది, ఎక్కేస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినవారికి మాత్రం దారి అక్కడితో అయిపోయింది. ఇక వాళ్లు లారీలు, బస్సులు, ఆటోలు పోయే రోడ్డు మీదే పోవాలి.

చక్రాల కుర్చీలో రోడ్డు మీదికి వచ్చేవారి భద్రత గురించిన ప్రసంగం ఈ గట్టు దగ్గరే మొదలవ్వాలి. జాగ్రత్తలు చాలా ఉన్నాయి. అవన్నీ చెప్పుకుందాం. అయితే ఆ జాగ్రత్తల్లో సగం కుర్చీలో కూర్చున్నవారివి కావు. కుర్చీ తోసేవారివి, బండి నడిపేవారివి, గట్టు కట్టేవారివి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. వీరందరూ చక్రాల కుర్చీ వాడరు. చంకకర్రలతో నడిచేవారున్నారు, చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు మీద తిరిగేవారున్నారు. ఈ లెక్కలోకి రానివారు కూడా కుర్చీ వాడతారు. పక్షవాతం వచ్చిన తాతయ్య, తుంటి ఎముక విరిగిన అమ్మమ్మ, బైకు మీంచి పడి కాలికి రాడ్లు వేయించుకున్న కుర్రాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఈ కుటుంబాలకు తమ వీధి ఎలా ఉందో తెలిసొస్తుంది.

ముందు కుర్చీని ఒకసారి నిదానంగా చూద్దాం. మామూలు చక్రాల కుర్చీకి వెనక రెండు పెద్ద చక్రాలుంటాయి, ఒక్కొక్కటి 24 అంగుళాలు. ముందు రెండు చిన్న చక్రాలు, ఐదు నుంచి ఎనిమిది అంగుళాలు. సైకిలు చక్రం గులకరాయి మీదుగా దొర్లిపోతుంది, సూట్‌కేసు చక్రం అదే రాయికి తగిలి ఆగిపోతుంది. రైల్వే ప్లాట్‌ఫాం మీద సూట్‌కేసు లాక్కుపోయిన ప్రతివారికీ ఇది అనుభవమే. కుర్చీ ముందు చక్రాలు కూడా అటువంటివే. చిన్న గుంటలో అవి దిగబడితే కుర్చీ ఠక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. ముందుకు బోర్లా పడతాడు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుము నిలబెట్టుకునే బలం ఉండదు కాబట్టి చేతులు అడ్డం పెట్టుకునే లోపే మొహం నేలకు తగులుతుంది. అందుకే బయటికి వెళ్లేటప్పుడు నడుము పట్టీ పెట్టుకోవాలి. చాలామంది దాన్ని ఆసుపత్రి వస్తువు అనుకుని ఇంట్లో వదిలేస్తారు. కారులో సీటు బెల్టు ఎంత అవసరమో గుంతల రోడ్డు మీద ఈ పట్టీ అంత అవసరం.

ఈ చిన్న చక్రాలకు రెండు పెద్ద శత్రువులు. ఒకటి, మురుగు కాలువ మీద వేసే ఇనప జాలీ. ఊచలు కుర్చీ వెళ్లే దిశలోనే ఉంటే చక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది. ఊచలకు అడ్డంగా వెళితే దాటుతుంది. రెండోది రైల్వే గేటు. పట్టాకూ రోడ్డుకూ మధ్య రైలు చక్రం పోవడానికి వదిలిన సందు ఉంటుంది చూశారా, ముందు చక్రం కాస్త పక్కకు తిరిగినా అందులో పడిపోతుంది. పట్టాల మీదుగా ఐమూలగా వెళ్లకూడదు, పట్టాలకు అడ్డంగా సూటిగా వెళ్లాలి. తోసేవారుంటే ముందు చక్రాలను కొంచెం పైకి లేపి, పెద్ద చక్రాల మీద దాటించాలి. ఒంటరిగా వచ్చినవారు గేటు దగ్గర ఎవరినైనా పిలవడానికి మొహమాటపడకూడదు. పట్టాల మధ్య చక్రం ఇరుక్కున్నాక పిలవడం కన్నా ముందు పిలవడమే మంచిది.

ఇప్పుడు ఒక ప్రమాదం గురించి. 1991 మార్చి 5, రాత్రి పదిన్నర దాటింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ఊళ్లో చీకటి, వాన. ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ తన మోటారు కుర్చీలో ఇంటికి వెళుతున్నాడు. వెంట నర్సు ఉంది. కుర్చీకి ముందూ వెనకా సైకిలు లైట్లు ఉన్నాయి. గ్రాంజ్ రోడ్డు దాటబోతూ దూరంగా వస్తున్న కారు దీపాలు చూశాడు. ఇంకా దూరంలోనే ఉన్నాయి కదా అనుకున్నాడు. రోడ్డు మధ్యకు చేరేసరికి నర్సు కేక వేసింది. కారు వచ్చి కుర్చీ వెనక భాగాన్ని గట్టిగా కొట్టింది. కుర్చీ ధ్వంసమైంది, ఆయన రోడ్డు మీద పడ్డాడు. ఎడమ చెయ్యి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. విశ్వం పుట్టుక గురించి లెక్కలు వేసిన మనిషికి కూడా ఆ రాత్రి కారు వేగం అంచనాకు అందలేదు.

చీకట్లో ఎదురుగా వచ్చే దీపాలను చూసి బండి ఎంత వేగంగా వస్తోందో చెప్పడం ఎవరికైనా కష్టమే. నడిచేవారైతే చివరి క్షణంలో ఒక్క అంగ వేసి తప్పుకుంటారు. కుర్చీకి ఆ చివరి అంగ లేదు. పక్కకు దూకలేదు, వెనక్కి గభాలున జరగలేదు. కాబట్టి ఇద్దరూ ఒకే ఖాళీని చూసి రోడ్డు దాటకూడదు. నడిచేవారికి చాలిన ఖాళీ కుర్చీకి చాలదు.

అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతినే లెక్క కట్టారు. 2006 నుంచి 2012 వరకు జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఏడేళ్లలో చక్రాల కుర్చీలో వెళుతూ వాహనాల కింద పడి చనిపోయినవారు 528 మంది ఉంటారని అంచనా. మిగతా పాదచారులతో పోలిస్తే వీరికి ప్రాణాపాయం 36 శాతం ఎక్కువ. దాదాపు సగం మరణాలు కూడళ్లలోనే జరిగాయి. వీటన్నిటికన్నా మనసును కలచివేసే లెక్క మరొకటుంది. నాలుగింట మూడు వంతుల ప్రమాదాల్లో డ్రైవరు బ్రేకు వేసిన జాడ గానీ, బండి పక్కకు తిప్పిన జాడ గానీ లేదు. అంటే కుర్చీలో ఉన్న మనిషి డ్రైవరు కంట పడలేదనే అనుకోవాలి.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. కేంద్ర ప్రభుత్వం వేసిన పట్టికలోని లెక్క ఇది. అందులో కారుకు, బస్సుకు, ఆటోకు, సైకిలుకు వేరు వేరు గడులున్నాయి. చక్రాల కుర్చీకి గడి లేదు.

కంట పడకపోవడం వెనక ఎత్తు లెక్క ఉంది. కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు నాలుగడుగులు. పెద్ద కారు బానెట్టు, ఆగి ఉన్న ఆటో, టిఫిన్ బండి, వీటిలో ఏది అడ్డమొచ్చినా ఆ మనిషి మాయమైపోతాడు. రివర్సులో వచ్చే కారుకు అసలే కనపడడు. లారీ, బస్సు ముందు భాగానికి దగ్గరగా ఉంటే ఎత్తు మీద కూర్చున్న డ్రైవరుకు బానెట్టు కింద ఏముందో తెలియదు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కుర్చీ వెనక కర్రకు కట్టిన ఎర్ర జెండా ఐదారడుగుల ఎత్తున ఎగురుతుంటే ఆగి ఉన్న కారు మీదుగా కూడా కనిపిస్తుంది. లారీల వెనక అంటించే మెరిసే స్టిక్కరు పట్టీలు కుర్చీ వీపుకు, చక్రాల పక్కలకు అంటించుకోవచ్చు. సైకిలు షాపులో దొరికే ఎర్ర లైటు వెనక, తెల్ల లైటు ముందు. సాయంత్రం దాటాక ముదురు రంగు శాలువా కప్పుకుని బయలుదేరడం ప్రమాదం. లైట్లు ఉన్నా హాకింగ్‌కు ప్రమాదం తప్పలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. లైట్లు మన ఉనికిని చెబుతాయి, అవతలి బండిని ఆపలేవు. అందుకే జెండాలు, లైట్లు పెట్టుకున్నా కూడా డ్రైవరు కళ్లలోకి చూసి, అతను తమను చూశాడని రూఢి చేసుకున్నాకే దాటాలి.

ఇక కుర్చీని తోసేవారి మాట. ఇంట్లోవాళ్లే ఎక్కువగా తోస్తారు. ప్రేమగానే తోస్తారు. తెలియక చేసే ఒక పొరపాటు మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి రోడ్డు దాటాలి. ఏదైనా వస్తోందా అని చూడాలంటే తోసేవారు కార్ల వరస దాటి తొంగి చూడాలి. కానీ తోసేవారు వెనక ఉన్నారు. వాళ్ల కళ్లు కార్ల అంచుకు చేరేసరికి ముందున్న కుర్చీ, అందులోని మనిషి కాళ్లు, గజం దూరం రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. చూసేవారు వెనక, దెబ్బ తగిలేవారు ముందు. అటువంటి చోట కుర్చీకి బ్రేకు వేసి, తోసేవారు ముందుకు నడిచి వచ్చి, రెండువైపులా చూసి, అప్పుడు వెనక్కి వెళ్లి తొయ్యాలి. లేదా నాలుగడుగులు ఎక్కువైనా కార్లు లేని చోటికి వెళ్లి దాటాలి. ఈ ఒక్క అలవాటు ప్రతి ఇంట్లోనూ నేర్పించాల్సినది.

గట్టు ఎక్కించడానికీ దించడానికీ పద్ధతి ఉంది. ఎక్కించేటప్పుడు కుర్చీ గట్టుకు ఎదురుగా ఉండాలి. వెనక కింద భాగంలో కాలితో తొక్కడానికి గొట్టం కొస ఒకటి బయటికి ఉంటుంది. దాన్ని తొక్కి, పిడులు తమవైపు లాగితే ముందు చక్రాలు లేస్తాయి. వాటిని గట్టు మీద పెట్టి, పెద్ద చక్రాలు గట్టును ఆనేదాకా తోసి, అప్పుడు పైకి దొర్లించాలి. దించేటప్పుడు వెనక్కి తిప్పాలి. తోసేవారు ముందు దిగి, పెద్ద చక్రాలను నెమ్మదిగా దించి, ఆ తర్వాత ముందు చక్రాలు. ముందువైపు నుంచి దించితే మనిషి జారిపోతాడు. ఇంకో సంగతి. ఇద్దరు ముగ్గురు పోగై కుర్చీని ఎత్తాల్సి వస్తే చేతులు ఆనించుకునే పట్టెలను, కాలి పలకలను పట్టుకోకూడదు. చాలా కుర్చీల్లో అవి ఊడివచ్చే భాగాలు. గట్టి చట్రాన్నే పట్టుకోవాలి.

సాయం చేయడానికి వచ్చేవారు ముందు అడగాలి. "అమ్మా, ఎక్కించమంటారా? ఎలా పట్టుకోమంటారు?" అంటే చాలు. అడగకుండా వెనక నుంచి వచ్చి తోసేస్తే చక్రం రిమ్ము మీద ఉన్న వేళ్లు నలుగుతాయి, కూర్చున్నవారి తూకం తప్పుతుంది. దారిలో నడిచే మనిషిని అడగకుండా భుజాలు పట్టుకుని నెట్టుకుపోతామా? ఆ కుర్చీ వారి శరీరంలో భాగమంత దగ్గరిది.

ఏటవాలు దగ్గర చేతి చక్రాల కుర్చీ మనస్తత్వమే మారిపోతుంది. ఎక్కేటప్పుడు వెనక్కి పడే ప్రమాదం, దిగేటప్పుడు ముందుకు జారే ప్రమాదం. ఎక్కేటప్పుడు ఒళ్లు ముందుకు వంచాలి, దిగేటప్పుడు వెనక్కి ఆనుకోవాలి. కుర్చీ వెనక పిడులకు కూరగాయల సంచి తగిలించుకుని వాలు ఎక్కితే ఆ బరువు కుర్చీని వెనక్కి లాగేస్తుంది. సంచి ఒళ్లో ఉండాలి, లేదా సీటు కింద ఉండాలి. దిగేటప్పుడు రిమ్ము అరచేతుల మధ్య జారుతూ వేడెక్కి చర్మం కాలిపోతుంది. స్పర్శ తెలియనివారికి కాలిన సంగతి కూడా తెలియదు. తోలు చేతి తొడుగులు వేసుకోవడం అందుకే. కుర్చీ పక్కన ఉండే బ్రేకు ఆగి ఉన్న కుర్చీని నిలపడానికి మాత్రమే పెట్టినది. పరుగెత్తే కుర్చీని ఆపడానికి దాన్ని లాగితే కుర్చీ తల్లకిందులవుతుంది. పైగా ఆ బ్రేకు టైరును నొక్కి పట్టుకునేది. టైరులో గాలి తగ్గితే పట్టు తప్పుతుంది. వారానికొకసారి గాలి చూసుకోవడం, బయలుదేరే ముందు బ్రేకు వేసి కుర్చీని ఒకసారి నెట్టి చూడడం, రెండూ నిమిషంలో అయ్యే పనులు.

వానాకాలంలో ఇంకో చిక్కు. నీళ్లు నిలిచిన గుంట ఎంత లోతో కుర్చీ మీంచి తెలియదు. మూత లేని మ్యాన్‌హోలు కూడా నీళ్ల కింద నున్నగా కనపడుతుంది. కర్రతో కొలవకుండా నీళ్లలోకి వెళ్లకపోవడమే మేలు. మోటారు కుర్చీల బ్యాటరీ, వైర్లు నేలకు దగ్గరగా ఉంటాయి, మోకాలి లోతు నీళ్లలో అవి మొరాయిస్తే నడిరోడ్డు మీద ఆగిపోవాలి.

రోడ్డు దాటడానికి ఒక చిన్న ఉపాయం. రోడ్డు చదునుగా కనపడుతుంది కానీ వాన నీరు జారడానికి మధ్యలో కాస్త ఎత్తు పెట్టి, రెండు పక్కలకూ వాలు ఇస్తారు. అంటే దాటేవారికి మొదటి సగం ఎగుడు, రెండో సగం దిగుడు. సత్తువంతా మొదటి సగంలోనే ఖర్చవుతుంది. పచ్చదీపం అప్పటికే సగం అయిపోయి ఉంటే బయలుదేరకూడదు, మళ్లీ వచ్చే పచ్చదీపం మొదటి క్షణం నుంచి బయలుదేరాలి. ఇవతల ఒడ్డున ఉన్నప్పుడే రోడ్డు మధ్య డివైడర్‌కు కుర్చీ పట్టే సందు ఉందో లేదో చూసుకోవాలి. సగం దాటాక అక్కడ గట్టు ఎదురైతే రెండు వైపులా బండ్ల మధ్య చిక్కుకుపోవడమే. "ఫ్రీ లెఫ్ట్" బోర్డు ఉన్న మూలల దగ్గర ఇంకా మెలకువగా ఉండాలి. సిగ్నల్ ఏదైనా అటు తిరిగే బండ్లు ఆగవు.

ఫుట్‌పాత్ లేని చోట ఏ పక్కన వెళ్లాలి? చేత్తో తిప్పుకునే కుర్చీ పాదచారితో సమానం. నడకకన్నా నెమ్మది. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడి అంచున వెళ్లడం మంచిది, వెనక నుంచి వచ్చే బండి కనపడదు కాబట్టి. మోటారు మీద వేగంగా పోయేవి వాహనాల్లాగే ఎడమ పక్కన, బండ్ల దిశలోనే పోవాలి. బ్రిటన్‌లో ఈ తేడాను నియమాల్లోనే రాసుకున్నారు. అక్కడ మోటారు కుర్చీలు పేవ్‌మెంటు మీద గంటకు 4 మైళ్లు, అంటే 6.4 కిలోమీటర్లు దాటకూడదు. రోడ్డు మీదికి అనుమతించిన రకానికి 8 మైళ్ల పరిమితి. పేవ్‌మెంటు మీద ఉన్నంతసేపూ పాదచారుల నియమాలు, రోడ్డు మీదికి దిగాక వాహనాల నియమాలు. మన దగ్గర కూడా ఇటువంటి స్పష్టత త్వరగా రావాలి. ఎందుకంటే బండ్లు వచ్చేశాయి. మద్రాసు ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ 2021లో తెచ్చిన నియోబోల్ట్‌ను చక్రాల కుర్చీ ముందు తగిలిస్తే అది గంటకు 25 కిలోమీటర్ల దాకా పోయే బండి అవుతుంది. ఇది ఎంతో స్వేచ్ఛనిచ్చే యంత్రం. ఉద్యోగానికి ఆటో వాళ్లను బతిమాలాల్సిన పని లేదు. కానీ 25 కిలోమీటర్ల వేగంలో గుంత తగిలితే దెబ్బ నడక వేగంలో తగిలినట్టు ఉండదు. హెల్మెట్ పెట్టుకోవాలి, అద్దం బిగించుకోవాలి, మొదట ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని మన వీధిలోకి బయలుదేరిన మనిషి ఎంత దూరం వెళ్లగలడు? ఫుట్‌పాత్ మొదట్లో బైకులు ఎక్కకుండా ఇనప స్తంభాలు పాతారు. వాటి మధ్య సందు కుర్చీ వెడల్పు కన్నా తక్కువ. అది దాటితే ట్రాన్స్‌ఫార్మర్. తర్వాత కేబుల్ కంపెనీ పెట్టె. ఆ పక్కన టిఫిన్ బండి, గ్యాసు సిలిండరు, కస్టమర్ల స్టూళ్లు. ఇక ఇళ్ల వరస వస్తుంది. ప్రతి ఇంటివారూ తమ కారు గేటు ఎక్కడానికి ఫుట్‌పాత్ మీదుగా రోడ్డు దాకా సిమెంటు వాలు పోసుకున్నారు. ఒక గేటుకూ ఇంకో గేటుకూ మధ్య కాలిబాట ఎగుడుదిగుళ్లే. కుర్చీ ఒక పక్కకు ఒరిగి రోడ్డు వైపు జారుతుంటే ఒక చేత్తో తోసుకుంటూ ఇంకో చేత్తో పట్టి ఆపుకోవాలి. పది గజాలకే భుజం నొప్పి పుడుతుంది. ఆ మనిషి చివరికి రోడ్డు మీదికి దిగిపోతాడు. దిగగానే వెనక నుంచి హారన్ మోగుతుంది. "ఫుట్‌పాత్ మీద పోకూడదా?" అన్న మాట కూడా వినపడుతుంది.

నిజానికి మన దగ్గర కొలతలు లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సదుపాయాల కోసం రాసిన 103వ నంబరు మార్గదర్శకాలు చెప్పేది ఇది. నడవడానికి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లకు, అంటే ఆరంగుళాలకు మించకూడదు, ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి. ఆ చివరి లెక్క తెలుసుకోవలసినది. ఒక అంగుళం ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అంగుళాల పొడవు కావాలి. ఆరంగుళాల గట్టుకు ఆరడుగుల ర్యాంపు. మన వీధుల్లో మేస్త్రి అడుగున్నర పొడవున ఓ సిమెంటు ముద్ద పెట్టి పని అయిందంటాడు. అది మూడుకు ఒకటి వాలు. అటువంటి దాని మీద కుర్చీ ఎక్కబోతే కాలి పలకలు ముందే వాలుకు తగిలి ఆగిపోతాయి, బలంగా నెడితే మనిషి వెల్లకిలా పడతాడు. ర్యాంపు ఉందని నమ్మి వచ్చినవారికి ఆ ముద్ద చేసే అపకారం, ర్యాంపే లేకపోవడం కన్నా ఎక్కువ.

గట్టును కోసి వాలు చేయాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో 1945లోనే అది జరిగింది. వైకల్యంతో తిరిగి వచ్చిన మాజీ సైనికుడు, జాక్ ఫిషర్ అనే న్యాయవాది తన తోటి సైనికులు ఆ గట్లతో పడే పాట్లు చూసి నగర పాలకులను ఒప్పించాడు. కాలిఫోర్నియాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఎడ్ రాబర్ట్స్‌కు పధ్నాలుగో ఏట పోలియో సోకి మెడ కింది శరీరం చచ్చుబడింది. ఆయనా ఆయన మిత్రులూ చేసిన పోరాటం వల్ల 1971లో బర్క్లీ నగర మండలి ప్రధాన వ్యాపార వీధుల్లో ర్యాంపులకు తీర్మానించింది. పోరాటం గట్లతో ఆగలేదు, 1978 జులైలో డెన్వర్ నగరంలో పంతొమ్మిది మంది వికలాంగులు చక్రాల కుర్చీలతో నడివీధిలో బస్సులను అడ్డుకుని, రాత్రంతా అక్కడే ఉన్నారు. తమను ఎక్కించుకోలేని బస్సులు తమ ఊరి బస్సులెలా అవుతాయన్నది వాళ్ల ప్రశ్న. గట్లు కోసి వేసిన ఆ వాలుల మీద ఇప్పుడు పిల్లల బండ్లు తోసే తల్లులు, సామాన్ల బండ్లు తోసే కూలీలు, పెట్టెలు లాక్కుపోయే ప్రయాణికులు, మోకాళ్ల నొప్పుల పెద్దవారు, అందరూ నడుస్తున్నారు.

మన దేశంలో ఈ కథలోకి హాకింగ్ మళ్లీ వస్తాడు. 2001 జనవరిలో ఆయన ఢిల్లీ వచ్చాడు. కుతుబ్ మీనార్, ఎర్రకోట, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్ చూస్తానన్నాడు. వికలాంగుల హక్కుల నాయకుడు, తానూ చక్రాల కుర్చీలోనే తిరిగిన జావేద్ ఆబిదీ పట్టుబట్టగా ఆ నాలుగు చోట్లా హడావుడిగా కర్ర ర్యాంపులు వేశారు. ఒక విదేశీ అతిథి కోసం రోజుల్లో అయిన పని, అంతకు ముందు మన దేశంలోని లక్షల మంది కోసం ఏళ్ల తరబడి కాలేదు. చేతకాక కాదని ఆ ర్యాంపులే రుజువు చేశాయి.

అప్పటికే వికలాంగుల కోసం చట్టం ఉంది. ఫుట్‌పాత్‌లకు చక్రాల కుర్చీ కోసం వాలు కోయాలని 1995 చట్టంలో స్పష్టంగా రాశారు. కాకపోతే ఆ వాక్యానికి ముందు, ఆర్థిక స్తోమత ఉన్నంత మేరకు అన్న మాట ఒకటి తగిలించారు. ఇరవై ఏళ్లు ఆ మాట చాటునే గడిచిపోయాయి. 2016 చట్టం మరింత గట్టిది. ఉల్లంఘనకు మొదటిసారి పది వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. దృష్టిలోపం ఉన్న రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, సౌలభ్య ప్రమాణాలను కేవలం సలహాలుగా మిగిల్చిన నిబంధన చెల్లదని కొట్టివేసింది, మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు తేవాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది మన హైదరాబాదులోనే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రంలో. 2025 మే 14న అదే కోర్టు మరో కేసులో, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, ఆ ఫుట్‌పాత్ వికలాంగులకు కూడా పనికొచ్చేలా ఉండాలని చెప్పింది.

కట్టడం ఒక పని, నిలబెట్టుకోవడం మరో పని. చెన్నై మెరీనా బీచిలో చక్రాల కుర్చీ ఇసుక దాటి సముద్రం దాకా వెళ్లేలా 2022 నవంబరులో చెక్క దారి వేశారు. నీళ్లను మొదటిసారి దగ్గరగా చూసినవారి ఆనందం అందరూ చూశారు. రెండు వారాలు తిరగకుండానే మాండూస్ తుపానుకు ఆ దారి దెబ్బతింది. మన ఫుట్‌పాత్‌లకు తుపాను రానక్కరలేదు. కేబుల్ వాళ్లు తవ్విన గొయ్యి పూడ్చకుండా వెళ్లిపోతే చాలు. ర్యాంపు ముందు ఒక్క బైకు ఆగితే చాలు.

బండి నడిపేవారికి చెప్పవలసినవి కొన్నే. కుర్చీ కనపడితే హారన్ కొట్టవద్దు. ఉలిక్కిపడి చేతులు రిమ్ము మీంచి జారితే కుర్చీ ఎటు తిరుగుతుందో తెలియదు. ఒక కుర్చీ రోడ్డు దాటుతుంటే మీరు ఆగడమే కాక, వెనక వచ్చే బండ్లకు చెయ్యి చూపించండి. మీ బండి చాటు నుంచి బయటికి వచ్చిన మనిషి పక్క వరసలో దూసుకొచ్చే బైకుకు కనపడడు. జీబ్రా గీతల మీద, ర్యాంపుల ముందు బండి ఆపకండి, రెండు నిమిషాలకైనా సరే.

ఈ ప్రసంగం వింటున్నవారు ఈ వారంలో ఒక పని చేయగలరా? ఒక టేపు తీసుకుని మీ వీధి మొదటి నుంచి బస్టాపు దాకా నడవండి. గట్టు ఎత్తు ఎన్ని అంగుళాలు, ర్యాంపు ఉంటే దాని పొడవు ఎంత, స్తంభాల మధ్య సందు ఎంత, ఎక్కడెక్కడ మూత లేదు, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో మునిసిపల్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. నెలరోజులు చూసి, పని కాకపోతే ఆ రసీదు నకలు జతచేసి రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు రాయండి. 2016 చట్టం ప్రకారం ఆ ఫిర్యాదును విచారించే అధికారం వారికి ఉంది. మీ సొంత గేటు ముందు పోసుకున్న సిమెంటు వాలు ఫుట్‌పాత్‌కు అడ్డంగా ఉంటే, అర్జీ రాసే ముందు దాన్ని సరిచేయించండి.